ఊరు నిలుపుకొన్న బట్టీ

పాడుపడిన గుడిని ఊరివారు చందాలు వేసుకొని బాగుచేయించినారంటే మనకు ఆశ్చర్యం కలుగదు. చెరువును, సత్రాన్ని, కోటగోడను అట్లా నిలుపుకొన్న గ్రామాలు మన దేశంలోనూ ఉన్నవి. కాని మూతపడి, శిథిలమై, చివరకు పందులదొడ్డిగా మారిన ఒక సారాబట్టీని ఊరివారే పూనుకొని తిరిగి లేవనెత్తినారంటే వినేవారు ఒక క్షణం ఆగి, ఎందుకని అడుగుతారు. ఐర్లండు దేశంలోని కిల్‌బెగ్గన్ అనే చిన్న ఊరి కథ అటువంటిది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ ప్రసంగం ఉద్దేశం. మద్యపానం మంచిచెడ్డలను గురించి తీర్పు చెప్పే తలంపు లేదు. అయినా ఆ మాట ఈ కథలో తనంత తానే ఒకచోట ఎదురవుతుంది.

కిల్‌బెగ్గన్ ఐర్లండు నడిమి భాగంలో, వెస్ట్‌మీత్ కౌంటీలో ఉన్నది. రాజధాని డబ్లిన్ నుండి పడమటి తీరంలోని గాల్వే నగరానికి పోయే పాత రహదారి ఈ ఊరిమీదుగానే సాగుతుంది. డబ్లిన్ నుండి సుమారు 90 కిలోమీటర్ల దూరం. ఐరిష్ భాషలో 'కిల్' అంటే చర్చి. బెకాన్ అనే ప్రాచీన సాధువు చర్చి వెలసిన చోటు కనుక ఆ పేరు వచ్చినది. ఊరిని ఆనుకొని బ్రోస్నా అనే చిన్న నది పారుతున్నది. చుట్టుపట్ల బార్లీ పండే నేలలు ఉన్నవి. మరికొంత దూరం పోతే పీట్ అనే నల్లని మట్టి దొరికే చిత్తడినేలలు ఉన్నవి. ఆ మట్టిని కోసి ఆరబెట్టి వంటచెరకుగా వాడడం అక్కడి అలవాటు. నీరు, గింజ, నిప్పు - ఈ మూడూ కూడిన చోట బట్టీ వెలసినదంటే వింత లేదు.

విస్కీ అనే మాట పుట్టినది కూడా ఐర్లండు, స్కాట్లండు దేశాల భాషలలోనే. ఐరిష్ భాషలో దానిని 'ఇష్కె బాహ' అన్నారు. అంటే జీవజలం. తొలినాళ్ళలో దానిని ఔషధంగా ఎంచినారు కనుక ఆ గొప్ప పేరు దానికి చెల్లినది. తరువాత ఇంగ్లీషు మాట్లాడేవారి నోట మొదటి పదం మాత్రమే మిగిలి, అదీ రూపు మారి, విస్కీ అయినది. జీవం అనే భాగం రాలిపోయి జలం మాత్రమే మిగిలినదన్నమాట. పాననిషేధవాదులకు ఇంతకంటె మంచి దృష్టాంతం దొరకదు.

బట్టీలో జరిగే పని తెలిస్తేగాని తక్కిన కథ బోధపడదు. బార్లీ గింజలను నానబెట్టి, నేలమీద పరచి, మొలక రానిస్తారు. మొలకెత్తే వేళ గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చగల ద్రవ్యాలు దానిలో పుడతవి. సరిగా ఆ దశలో వేడిగాలితో ఆరబెట్టి మొలకను ఆపివేస్తారు. దీనినే మాల్టు అంటారు. మాల్టును తిరుగలిరాళ్ళ నడుమ విసిరి, పెద్ద తొట్టిలో వేడినీటితో కలిపి, తీపినీటిని దించుకొంటారు. దానిని కొయ్యతొట్లలో పోసి ఈస్టు కలిపితే రెండుమూడు దినాలలో పొంగి, పులిసి, బీరువంటి పలుచని ద్రవం తయారవుతుంది. ఇక దానిని పెద్ద రాగి బానలలో పోసి కాచుతారు. నీరు 100 డిగ్రీల వేడికి మరుగుతుంది. మద్యసారం సుమారు 78 డిగ్రీలకే ఆవిరవుతుంది. బట్టీ విద్య అంతా ఈ తేడామీదనే నిలిచి ఉన్నది. ముందుగా లేచిన ఆవిరి బాన మెడలోనుండి పోయి, చన్నీటిలో ముంచి ఉంచిన చుట్టలగొట్టంలో చల్లబడి, మరల ద్రవమై దిగుతుంది. ఇట్లా రెండు సారులు గాని, ఐర్లండులో ఎక్కువగా మూడు సారులు గాని దించుతారు.

అప్పుడు వచ్చేది నీటివలె తెల్లగా ఉంటుంది. రంగు, పరిమళం దానికి కొయ్య ఇచ్చినవే. ఓక్ కొయ్య పీపాలలో పోసి, చల్లని గిడ్డంగులలో కనీసం మూడు సంవత్సరాలు నిలవచేస్తేగాని ఐర్లండు చట్టం దానిని విస్కీ అని అనుమతించదు. ఏటేటా కొంత భాగం కొయ్యలోని సన్నని రంధ్రాలగుండా గాలిలో కలిసిపోతుంది. పనివారు దానిని దేవదూతల వాటా అంటారు. ఈ నిలవకాలం సంగతి శ్రోతలు గుర్తుంచుకోవాలి. బట్టీ యజమాని ఈనాడు పెట్టిన పెట్టుబడి ఏండ్ల తరబడి చీకటిగదిలో పడి ఉంటుంది. అదే అతనికి సంపద. ఒక్కొక్కప్పుడు అదే అతనికి ఉరి. కిల్‌బెగ్గన్ కథలో ఈ రెండూ జరిగినవి.

ఈ బట్టీ పుట్టిన సంవత్సరం 1757గా లెక్కిస్తారు. అప్పుడే లైసెన్సు పొందినదని, ఐర్లండులో లైసెన్సు పొందిన బట్టీలలో తమదే అతి ప్రాచీనమని కిల్‌బెగ్గన్ వారి వాదం. ఉత్తరాన బుష్‌మిల్స్ బట్టీవారు 1608 నాటి రాజానుమతిని చూపుతారు. ఆ అనుమతి ఒక ప్రాంతానికి ఇచ్చినదే గాని ఒక బట్టీకి ఇచ్చినది కాదని వీరు బదులు చెబుతారు. ఆ తగవు మనకు అక్కరలేదు. మెక్‌మానస్ కుటుంబం దీనిని మొదలుపెట్టినది. తరువాత కాడ్ కుటుంబం నడిపినది. 1843లో జాన్ లాక్ అనే ఆయన చేతికి వచ్చినది. అప్పటినుండి నూరేండ్లకు పైగా అది లాక్ వారి బట్టీ అనే పేరుతోనే ప్రసిద్ధి పొందినది.

జాన్ లాక్ చేతికి వచ్చిన కాలం మంచికాలం కాదు. 1838లో కార్క్ నగరంలో థియొబాల్డ్ మాథ్యూ అనే క్రైస్తవ సన్యాసి మద్యపాన విసర్జన ఉద్యమం ప్రారంభించినాడు. లక్షలాది జనం ఆయన ఎదుట నిలిచి తాగుడు మానుతామని ప్రమాణం చేసినారు. కొద్ది సంవత్సరాలలో దేశంలోని విస్కీ ఉత్పత్తి సుమారు సగానికి పడిపోయినది. ఎన్నో బట్టీలు మూతపడినవి. కిల్‌బెగ్గన్ బట్టీని 1841లో అమ్మకానికి పెట్టినారు. ఆ ఉద్యమం చల్లబడకముందే 1845లో బంగాళాదుంప పైరుకు తెగులు సోకి మహాక్షామం వచ్చినది. పది లక్షలమంది చనిపోయినారు. ఇంచుమించు అంతమంది ఓడలెక్కి దేశం విడిచినారు. తాగుడు ఇండ్లను కూల్చుతుందన్న మాథ్యూ మాట అబద్ధం కాదు. అయితే క్షామం తరువాత మిగిలిన ఊళ్ళలో, నెలనెలా జీతం ఇచ్చే పని ఒకటి ఉండడం ఎంత విలువైనదో కిల్‌బెగ్గన్ వారికి తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది? ఈ రెండు సత్యాలూ ఒకే ఊరిలో పక్కపక్కన నివసించినవి.

1866లో బట్టీలోని ఆవిరిబాయిలరు ప్రమాదానికి గురియై నాశనమైనది. ప్రాణనష్టం కలుగలేదు గాని పని నిలిచిపోయినది. కొత్త బాయిలరు కొనడానికి జాన్ లాక్ వద్ద డబ్బు లేదు, అప్పూ పుట్టలేదు. బట్టీ ఇక అంతమే అనుకొన్న సమయంలో ఊరివారు కూడి, తమలో తాము సొమ్ము పోగుచేసి, కొత్త బాయిలరు కొని ఆయనకు బహూకరించినారు. దానితోపాటు ఒక సమ్మానపత్రం కూడా సమర్పించినారు. మీకు కలిగిన నష్టానికి మేము చింతిస్తున్నాము, అయినా మీపట్ల మాకు గల గౌరవాన్ని చూపుకొనే అవకాశం ఈ విధంగా దొరికినందుకు సంతోషిస్తున్నాము అని దాని సారాంశం. ఆ లేఖను ఆనాటి స్థానిక పత్రికలు ప్రకటించినవి. యజమాని కూలివారికి బహుమానం ఇవ్వడం లోకంలో ఉన్నదే. ఊరు యజమానికి బాయిలరు బహూకరించడం అరుదు. క్షామం గడిచి పట్టుమని పదిహేనేండ్లు కాలేదన్న సంగతి తలచుకొంటే ఆ చందాలో పడిన ఒక్కొక్క షిల్లింగు బరువు తెలుస్తుంది.

పన్నెండేండ్ల తరువాత, 1878లో, బట్టీలో నిప్పు అంటుకొన్నది. మద్యసారం నమూనాలు పరీక్షించే గదిలో మొదలై వేగంగా వ్యాపించినది. గంటలోపల ఆర్పగలిగినారు గాని ముందుభాగం చాలావరకు కాలిపోయినది. నష్టం 400 పౌన్లని లెక్క కట్టినారు. మంటలు గిడ్డంగులను చేరితే బట్టీ మాత్రమే కాదు, వీధులు కూడా మిగిలేవి కావు. అప్పుడు ఊరిజనం గిడ్డంగి తలుపులు పగులగొట్టి, లోపలి పీపాలను వేలకొద్దీ వీధిలోకి దొర్లించినారని చెబుతారు. ఆ తలుపులకు వేసిన తాళాలు ఎవరివో, ఆ పీపాలు ఎవరివో ఆ సమయంలో ఎవరూ విచారించలేదు.

ఇంత అభిమానానికి కారణం ఏమి? ఆ బట్టీ జీతాల పద్ధతిలో కొంత సమాధానం దొరుకుతుంది. 1887లో ఆల్‌ఫ్రెడ్ బర్నార్డ్ అనే ఆంగ్ల పత్రికారచయిత బ్రిటన్, ఐర్లండు దేశాలలోని బట్టీలన్నిటినీ తిరిగి చూచి ఒక పెద్ద గ్రంథం ప్రకటించినాడు. ఐర్లండులో ఆయన చూచినవి 28. కిల్‌బెగ్గన్‌లో ఆయన నాటికి సుమారు 70 మంది పనివారు ఉన్నారు. ఏడాదికి 1,57,200 గ్యాలన్ల విస్కీ దిగుతున్నది. ముసలివారికి, అశక్తులకు బట్టీవారు భత్యం గాని సహాయం గాని ఇచ్చేవారు. పనివారికి ఉండడానికి ఇండ్లు ఇచ్చేవారు. సొంత ఇల్లు కొనుక్కొనేవారికి తోడ్పడేవారు. చలికాలం మొదలు కాగానే ప్రతి పనివానికీ ఒక టన్ను బొగ్గు ముందుగా ఇచ్చి, దాని వెలను జీతంలోనుండి కొంచెం కొంచెంగా మినహాయించుకొనేవారు. ఇది దానం కాదు, అప్పే. కాని మంచు కురిసే రాత్రి ఇంట్లో నిప్పు ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న అయినప్పుడు, ఆ అప్పు ఎంత మర్యాదగలదో ఊహించుకోవచ్చు. డెబ్బది మంది జీతాలంటే చిన్న ఊరిలో డెబ్బది కుటుంబాలు. వారి వెనుక బార్లీ పండించే రైతులు, పీపాలు చేసే వడ్రంగులు, 1835లో తవ్విన గ్రాండ్ కెనాల్ శాఖ మీద సరుకులు మోసే పడవలవారు.

ఆ యంత్రాల సంగతి కూడా చెప్పుకోదగినది. తిరుగలిరాళ్ళను, తొట్లలో కలియబెట్టే తెడ్లను తిప్పినది బ్రోస్నా నదిమీది నీటిచక్రమే. అయితే నదికి వేసవిలో నీరు తగ్గుతుంది. వానలలో వరద వస్తుంది. రెండు సమయాలలోనూ చక్రం సరిగా తిరుగదు. అందువల్ల గ్లాస్గో నగరంలో 1878లో తయారైన ఒక ఆవిరియంత్రాన్ని 1887లో తెచ్చి నిలిపినారు. అది వచ్చినదని చక్రాన్ని తీసివేయలేదు. నది పనిచేసినన్నాళ్ళు నదే పనిచేసినది. అది చాలనినాడు మాత్రమే యంత్రానికి నిప్పు పెట్టినారు. కొత్తది వచ్చినా పాతదానిని వదలని ఈ స్వభావం బట్టీకి కొంత కీడు చేసినది. చివరకు అదే దానిని కాపాడినది.

కీడు ఎట్లా జరిగినదో చూతాము. 1830లో ఈనియస్ కాఫీ అనే ఐరిష్ ఎక్సైజు అధికారి ఒక కొత్త యంత్రానికి పేటెంటు పొందినాడు. రాగి బానవలె నింపి, కాచి, ఖాళీచేసి, మరల నింపే పని లేకుండా, ఎత్తయిన స్తంభాలలో ఎడతెగకుండా మద్యసారం దించే సాధనం అది. ఖర్చు తక్కువ, దిగుబడి ఎక్కువ. కాని ఆ సారంలో రుచి లేదని ఐర్లండులోని పెద్ద బట్టీలవారు దానిని ఈసడించినారు. స్కాట్లండువారు స్వీకరించినారు, దానిలో దిగిన తేలిక సారాన్ని పాతపద్ధతి విస్కీతో కలిపి, తక్కువ వెలకు లోకమంతటా అమ్మినారు. ఐర్లండువాడు కనిపెట్టిన యంత్రం ఐర్లండు వ్యాపారాన్నే దెబ్బకొట్టినది.

ఆ పైన దెబ్బమీద దెబ్బ. 1919 నుండి స్వాతంత్ర్యసమరం, దాని వెంట అంతర్యుద్ధం. 1920 నుండి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం. దానితో పెద్ద అంగడి మూతపడినది. 1932 నుండి 1938 వరకు బ్రిటన్‌తో సుంకాల పోరు. కిల్‌బెగ్గన్‌లో 1924 మొదలు 1931 వరకు కొత్త విస్కీ దింపనే లేదు. నిలవ ఉన్న పీపాలను అమ్ముకొంటూ కాలం గడిపినారు.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి లోకమంతా విస్కీకి కరువు. కిల్‌బెగ్గన్ గిడ్డంగులలో మాత్రం పాత పీపాలు ఉన్నవి. యజమానులైన లాక్ వంశపు ఆడపడుచులు ఇద్దరూ 1947లో బట్టీని అమ్మజూపినారు. స్విట్జర్లండునుండి వచ్చిన ఒక వ్యాపారి, అతని వెనుక ఉన్నవారు 3,05,000 పౌన్లు ఇస్తామన్నారు. వారి చూపు బట్టీమీద లేదు. గిడ్డంగిలోని సుమారు 60,000 గ్యాలన్ల విస్కీని చీకటిబజారులో అమ్మడంమీదనే ఉన్నది. బయానా సొమ్ము రాలేదు. విచారిస్తే వారిలో ఒకడు మారుపేరుతో తిరుగుతూ లండను పోలీసులు వెదకుతున్న మనిషి అని తేలినది. పార్లమెంటు సభ్యుడు ఆలివర్ ఫ్లానగన్ ఈ బేరంలో ప్రభుత్వపక్షం పెద్దలకు సంబంధం ఉన్నదని, ప్రధాని ఈమన్ డి వెలేరాకు, ఆయన కుమారునికి బంగారు గడియారాలు బహుమతిగా ముట్టినవని సభలో ఆరోపించినాడు. విచారణసంఘం ఆ ఆరోపణలను నిరాధారమని త్రోసిపుచ్చినది. అయినా నెలల తరబడి దేశమంతటా ఆ మాటే. 1932 నుండి ఎడతెగకుండా అధికారంలో ఉన్న పక్షం 1948 ఎన్నికల తరువాత అధికారం కోల్పోయినది. అందుకు ఈ గాలివార్త కూడా ఒక కారణమని చరిత్రకారులు ఎంచుతారు. ఒక చిన్న ఊరి బట్టీ పేరు దేశరాజకీయాలలో ఇట్లా మారుమ్రోగినది.

కొనేవారు లేక బట్టీ తన దారిన తాను నడిచినది. అప్పులు పెరిగినవి. 1952లో ప్రభుత్వం ఎక్సైజు పన్నును నూటికి 28 వంతులు పెంచినది; దేశంలో అమ్మకాలు పడిపోయినవి. ఇక్కడ ఒక చిక్కు గమనించాలి. నిలవచేసిన విస్కీ గిడ్డంగిలో ఉన్నంతకాలం దానికి ప్రభుత్వపు తాళం ఉంటుంది. పన్ను కట్టినప్పుడే పీపా బయటికి వస్తుంది. 1953 చివరలో క్రిస్మసు పండుగకు కావలసిన సరుకుకోసం వర్తకులు అడిగినప్పుడు, ఆ పన్ను కట్టడానికే బట్టీవద్ద సొమ్ము లేకపోయినది. సరుకు ఉన్నది, కొనేవారు ఉన్నారు, తాళం తీయించే శక్తి లేదు. 1954 మార్చిలో ఉత్పత్తి నిలిచిపోయినది. ఆ దశాబ్దం ముగిసేలోగా అప్పులవారు స్వాధీనం చేసుకొని తలుపులు మూయించినారు. మెక్‌మానస్‌లు వెలిగించిన పొయ్యి ఇంచుమించు రెండువందల ఏండ్లకు చల్లారినది.

తరువాత జరిగినది వినడానికి ఇంపుగా ఉండదు. 1960ల మొదట్లో హాంబర్గు నగరపు వ్యాపారి ఒకడు 10,000 పౌన్లకు దానిని కొన్నాడు. గిడ్డంగులలో మిగిలిన విస్కీ క్రమంగా అమ్ముడుపోయినది; ఖాళీ అయిన గిడ్డంగులలో పందులను పెంచినారు. 1969లో చేయి మారి, మట్టితవ్వే యంత్రాలు అమ్మే కంపెనీ చేతికి వచ్చినది. 1970ల తొలి సంవత్సరాలలో రాగి బానలను పెకలించి తుక్కుకింద అమ్మివేసినారు. రాగికి అంగట్లో ధర ఉన్నది కనుక బట్టీకి గుండెకాయవంటి వస్తువులే ముందుగా పోయినవి. నీటిచక్రం, ఆవిరియంత్రం, తిరుగలిరాళ్ళు, కొయ్యతొట్లు మాత్రం తుప్పులోను దుమ్ములోను ఉన్నచోటనే ఉండిపోయినవి. నేను ముందు చెప్పిన స్వభావం ఇక్కడ మేలు చేసినది. ఎప్పటికప్పుడు కొత్త యంత్రాలు నిలిపి పాతవాటిని పారవేసిన బట్టీ అయి ఉంటే, చూడదగినది ఏమీ మిగిలి ఉండేది కాదు.

దేశంలో తక్కినచోట్ల పరిస్థితి ఇంతకంటె మేలుగా లేదు. 1966లో మిగిలిన పెద్ద బట్టీలు ఒకే సంస్థగా కలిసిపోయినవి. డబ్లిన్‌లో పేరెన్నికగన్న బో స్ట్రీట్ బట్టీ 1971లో పని ఆపివేసినది. 1970ల చివరకు ఐర్లండు ద్వీపమంతటా విస్కీ దించే బట్టీలు రెండే మిగిలినవి - దక్షిణాన మిడిల్‌టన్, ఉత్తరాన బుష్‌మిల్స్. బర్నార్డు చూచిన 28లో అప్పటికి మిగిలినది అంతమాత్రమే.

కిల్‌బెగ్గన్‌లో ఒక కాగితం మాత్రం చావలేదు. బట్టీ మూతపడినా, ఏటేటా కట్టవలసిన లైసెన్సు రుసుము ఆగలేదు. ఊరివారే దానిని కట్టుతూ వచ్చినారని అక్కడివారు గర్వంగా చెప్పుకొంటారు. పొయ్యి లేని ఇంటికి నిప్పు హక్కు కాపాడుకోవడం వంటిది ఇది. లౌకికంగా చూస్తే దండుగ. కాని తండ్రులు, తాతలు జీతం తెచ్చుకొన్న చోటు ఇక ఏనాటికీ తెరవబడదు అని ఒప్పుకొని సంతకం చేయడానికి ఆ ఊరికి చేయి రాలేదు.

1982లో ఊరివారు కిల్‌బెగ్గన్ పరిరక్షణాభివృద్ధి సంఘం అనే పేరుతో ఒక సంఘం ఏర్పరచుకొన్నారు. నూటపదహారేండ్ల కిందట బాయిలరుకోసం పోగుచేసినట్లే మరల ఊరిలోనే సొమ్ము పోగుచేసినారు. శిథిలాలు తొలగించినారు, భవనాలు బాగుచేసినారు, నీటిచక్రాన్ని తిరిగేటట్లు చేసినారు, ఆవిరియంత్రాన్ని శుభ్రపరచి నడిచే స్థితికి తెచ్చినారు. ఆ విధంగా పందులదొడ్డి మ్యూజియం అయినది. 1866 నాటి సమ్మానపత్రం అక్కడ గోడకెక్కినది. గింజ వచ్చే అటకనుండి మొదలుపెట్టి, తిరుగలి, తొట్లు, పీపాలశాల వరకు ఒక పూటలో చూచి, పందొమ్మిదవ శతాబ్దపు బట్టీ ఎట్లా నడిచేదో తెలుసుకొనే వీలు కలిగినది.

బట్టీలను చూపుడుస్థలాలుగా మార్చడం తరువాత ఐర్లండులో పరిపాటి అయినది. మిడిల్‌టన్‌లోని పాత బట్టీని 1992లో, బో స్ట్రీట్ బట్టీని 1997లో సందర్శకులకు తెరచినారు. అవి పెద్ద కంపెనీలు తమ సరుకు పేరు పెంచుకోవడానికి చేసిన పనులు, చక్కగానే చేసినారు. కిల్‌బెగ్గన్‌లో ఆ పనికి పూనుకొన్ననాటికి అమ్ముకోవడానికి సరుకు లేదు, వెనుక కంపెనీ లేదు. ఉన్నది ఊరు మాత్రమే. ఆ తేడావల్లనే ఈ కథను ఎన్నుకొన్నాను.

ఊరు ముందు నడిస్తే వ్యాపారం వెనుక వచ్చినది. 1987లో జాన్ టీలింగ్ స్థాపించిన కూలీ అనే కొత్త విస్కీ సంస్థ కిల్‌బెగ్గన్ పేరును, ఆస్తులను కొన్నది. లౌత్ కౌంటీలోని తన బట్టీలో దించిన విస్కీని పీపాలలో తెచ్చి ఇక్కడి రాతిగిడ్డంగులలో నిలవచేసినది. ఖాళీ గిడ్డంగులకు మరల పీపాల వాసన పట్టినది. 2007లో, బట్టీ పుట్టిన 250వ సంవత్సరాన, ఇక్కడ తిరిగి పొయ్యి వెలిగించినారు. మెక్‌మానస్, కాడ్, లాక్ - ఈ మూడు వంశాలవారు ఆ ఉత్సవానికి వచ్చి చూచినారు.

ఆనాడు నిలిపిన రాగి బానలలో ఒకదాని కథ ముచ్చటైనది. కిల్‌బెగ్గన్ సొంత బానలు తుక్కులో కరిగిపోయినవి కదా. దక్షిణాన కొద్ది మైళ్ళ దూరంలోని టలమోర్ పట్టణంలో మరొక పాత బట్టీ ఉండేది. అదీ 1954లోనే ఆగిపోయినది. ఆ బట్టీకి చెందిన, పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగంలో చేసిన చిన్న రాగి బాన ఒకటి మిగిలి ఉన్నది. సుమారు 180 ఏండ్ల వయస్సుగల ఆ బాన కిల్‌బెగ్గన్‌కు వచ్చి మరల నిప్పెక్కినది. ఒకే సంవత్సరంలో పొయ్యి ఆరిన ఇద్దరు పొరుగువారిలో ఒకరి పాత్ర మరొకరి వంటకు అక్కరకు వచ్చినట్లయినది. 2010లో గింజ నానబెట్టే తొట్టి, పులియబెట్టే కొయ్యతొట్లు కూడా అమర్చి, మొదటినుండి చివరివరకు పని అంతా ఇక్కడనే జరిగే ఏర్పాటు చేసినారు. తరువాత యాజమాన్యం చేతులు మారుతూ 2012లో అమెరికాలోని బీమ్ కంపెనీకి, 2014లో జపానుకు చెందిన సంటోరీ సంస్థకు చేరినది.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాము. కిల్‌బెగ్గన్ వారు కాపాడుకొన్నది ఏమిటి? విస్కీ అనుకొంటే అది ఏ అంగడిలోనైనా దొరికేది. 1982లో సంఘం కట్టినవారికి ఆ బట్టీలో ఒక చుక్క కూడా దిగుతుందన్న భరోసా లేదు. లాక్ వంశంమీది భక్తి అనుకొంటే, ఆ వంశం చేయి విడిచి అప్పటికే చాలాకాలమైనది. వారు కాపాడుకొన్నది తమ ఊరి పని. ఆ పనివల్ల ఎవరు ఏ ఇంటివారో, ఎవరి తాత పీపాలు చేసినాడో, ఎవరి తండ్రి చక్రానికి నూనె పోసినాడో గుర్తు ఉండేది. బాయిలరు ఇచ్చిన నాడే దానిలో తమకు పాలు ఉన్నదని వారు తలచినారు. కాగితాలమీద ఆ పాలు ఎక్కడా వ్రాసిలేదు. యజమానులు ఎందరో మారినారు. ఏ దస్తావేజులోనూ ఊరి పేరు లేదు. అయినా కష్టం వచ్చిన ప్రతిసారీ ముందుకు వచ్చినది ఊరే.

మూతపడిన మిల్లులు, పాడుపడిన పనిశాలలు ఏ దేశానికైనా ఉన్నవి. వాటిలో ఏది నిలుస్తుంది, ఏది తుక్కు అవుతుందన్నది ఇటుకల బలాన్నిబట్టి తేలడం లేదు. తలుపులు పగులగొట్టి అయినా పీపాలు దొర్లించే జనం చుట్టూ ఉన్నారా లేదా అన్నదానిమీద ఆధారపడుతున్నది. కిల్‌బెగ్గన్ సంఘంవారు బాగుచేసిన వస్తువులలో నీటిచక్రం ఒకటని చెప్పినాను. దానిని మొదటిసారి మరల నదిలోకి వదలినప్పుడు విసరడానికి గింజ లేదు, దించడానికి బాన లేదు. ఆనాడు బ్రోస్నా నీరు పాత తెడ్లను తాకి చక్రాన్ని ఊరకే తిప్పినది. కొత్త బాన వచ్చి, దాని కింద నిప్పు వెలిగేవరకు ఇరువది ఏండ్లకు పైగా ఆ ఊరు ఊరకే తిరిగే చక్రాన్ని ఓపికతో నడుపుకొంటూ వచ్చినది.